పని మనది, వెల ఎవరిది?

మన పట్టణాల్లో మగ్గం పని జరగని వీధి నేడు అరుదు. చట్రానికి బిగించిన జాకెట్టు గుడ్డ మీద జరీ, పూసలు, కుందన్లు పొదిగే చేతులు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. గుడ్డ దుకాణం నుంచి వస్తుంది. నమూనా దుకాణదారుడు నిర్ణయిస్తాడు. గడువు అతనిదే, వెల కూడా అతనిదే. ఆ జాకెట్టు ఎవరు తొడుక్కుంటారో, దానికి ఎంత చెల్లించారో కుట్టిన చేతులకు తెలియదు. పనితనం పూర్తిగా వారిదే. అయినా వారికి దక్కేది పీసుకు ఇంత అన్న కూలి మాత్రమే.

ఈ పరిస్థితి మగ్గం పనికే పరిమితం కాదు. బిర్యానీ వండడంలో పేరు తెచ్చుకున్న వంటమనిషి, ఇరవై ఏళ్లు ఏసీ యంత్రాలు బాగుచేసిన మెకానిక్, పదిమంది పిల్లలకు లెక్కలు అరటిపండు ఒలిచినట్టు చెప్పగల ఉపాధ్యాయురాలు, వీరందరిదీ దాదాపు ఇదే కథ. విద్య ఉంది. ఆ విద్యకు వెల కట్టే అధికారం మాత్రం చేతిలో లేదు. స్వయంఉపాధి అంటే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవడమో, అప్పుచేసి దుకాణం తెరవడమో కాదు. మనకు బాగా వచ్చిన పనికి మనమే హద్దు గీసుకుని, మనమే వెల కట్టి, దాని మంచిచెడులకు మనమే జవాబుదారీ కావడం. ఆ స్థితికి చేరే మార్గం ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

బలాన్ని గుర్తించడం

మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లు మదీనా చేరినప్పుడు చాలామంది చేతుల్లో చిల్లిగవ్వ కూడా లేదు. దైవప్రవక్త (స) వారికీ మదీనా వాసులకూ మధ్య సోదరబంధం కలిపారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానని ముందుకు వచ్చినప్పుడు, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, తనకు బజారు దారి చూపమని మాత్రం అడిగారు. బనూ ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండు జున్ను వంటి చిన్న సరుకులతో వ్యాపారం మొదలుపెట్టి, కొద్దికాలంలోనే స్థిరపడ్డారు.

ఈ సంఘటనను ఆత్మాభిమానానికి నిదర్శనంగా మనం తరచుగా వింటాం. అందులో మరో పాఠం కూడా ఉంది. సొమ్మంతా మక్కాలో వదిలి వచ్చినా, తనతో వచ్చినదేమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. బేరం తెలుసు, సరుకు తెలుసు, మనుషులు తెలుసు. మదీనా వాసుల వృత్తి అయిన ఖర్జూరపు తోటల సాగులో ఆయన తన అదృష్టాన్ని పరీక్షించుకోలేదు. తనకు తెలిసిన పనినే, చేతికందిన కొద్దిపాటి సరుకుతోనే ప్రారంభించారు.

నేడు మన కుటుంబాల్లో తరచుగా జరుగుతున్నది దీనికి విరుద్ధం. గల్ఫ్ దేశంలో పదిహేనేళ్లు ఎలక్ట్రీషియన్‌గానో, ఏసీ టెక్నీషియన్‌గానో పనిచేసిన సోదరుడు స్వదేశానికి తిరిగివస్తాడు. కూడబెట్టిన సొమ్మును కిరాణా దుకాణంలోనో, కోళ్ల ఫారంలోనో, ఎవరో చెప్పిన స్థలం మీదనో పెడతాడు. ఎన్నడూ చేయని వ్యాపారంలో తొలి పాఠాలు నేర్చుకునేలోపే పెట్టుబడి కరిగిపోతుంది. పదిహేనేళ్ల అనుభవం మాత్రం సంచిలోని పనిముట్లతోపాటు మూలన పడి ఉంటుంది. ఆ సంచే అతని అసలు పెట్టుబడి అని చెప్పేవారు ఇంట్లో ఉండరు.

మన బలం ఏమిటో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. మొదటిది: ఇరుగుపొరుగువారు, బంధువులు ఏ పనికి మనల్ని వెతుక్కుంటూ వస్తారు? రెండవది: ఇతరుల కంటికి కనబడని ఏ లోపం మన కంటికి ఇట్టే పట్టుబడుతుంది? మంచి దర్జీ భుజం దగ్గర వచ్చిన ముడతను చూడగానే కొలత ఎక్కడ తప్పిందో చెబుతాడు. మంచి వంటమనిషి వాసన చూసి మసాలా మాడిందని గ్రహిస్తుంది. మూడవది: అలసిపోయిన రోజున కూడా ఏ పనిని నాణ్యత తగ్గకుండా చేయగలం? ఉత్సాహంగా ఉన్నప్పుడు ఒకసారి బాగా చేయడం సరదా; వందసార్లు ఒకే తీరుగా చేయగలగడం వృత్తి. ఈ మూడు ప్రశ్నలకూ ఒకే సమాధానం వస్తే, మన దారి అటే ఉందని భావించవచ్చు.

పనిముట్టు వేరు, విద్య వేరు

కాలం మారితే విద్య అక్కరకు రాకుండా పోతుందేమోనన్న భయం సహజం. తెలుగు నేలపై దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల చరిత్ర ఈ విషయంలో ఆలోచించదగినది. వింటితో దూదిని ఏకడం వారి తరతరాల వృత్తి. దూదేకుల అన్న పేరే దాని నుంచి వచ్చింది. దూది ఏకే యంత్రాలు వచ్చాయి, ఆ తరువాత ఫోమ్ పరుపులు వచ్చాయి. ఇంటింటికీ తిరిగి దూది ఏకే పనికి గిరాకీ పడిపోయింది. ఎందరో వేరే కూలి పనులకు మళ్లారు.

అయినా పరుపులు, దిండ్లు కుట్టే పనిలో నిలదొక్కుకున్నవారు ఉన్నారు. వారి చేతిలో మిగిలింది విల్లు కాదు, దూదిని గురించిన జ్ఞానం. ఏ దూది త్వరగా గడ్డకడుతుంది, పరుపులో ఎంత నింపితే నడుముకు ఒత్తు తగలదు, పాత దూదిలో ఎంత మళ్లీ పనికివస్తుంది అన్నది వారికి తెలుసు. పనిముట్టు పాతబడినా ఆ వివేచన పాతబడదు. కనుక మన బలాన్ని చెప్పుకునేటప్పుడు “నాకు ఫలానా యంత్రం నడపడం వచ్చు” అనడం కన్నా, “ఫలానా సమస్యను నేను తీర్చగలను” అని చెప్పుకోవడం మేలు. యంత్రం మారుతుంది, సమస్య మారదు.

పేరుగా నిలిచిన వృత్తులు

ఇస్లామీయ విద్యాచరిత్ర చదివేవారికి ఒక విశేషం కనబడుతుంది. ఎందరో ధర్మవేత్తల పేర్ల చివర వారి వృత్తులే నిలిచిపోయాయి. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవారు. ఆ పేరుతో ప్రసిద్ధులైన హనఫీ ధర్మవేత్త తన చేతిపనితోనే జీవించారు. ఖఫ్ఫాల్ అంటే తాళాలు చేసేవారు. మర్వ్ పట్టణానికి చెందిన ఆ షాఫయీ పండితుడు ముందు తాళాల పనిలో ఆరితేరి, వయసు వచ్చిన తరువాతే విద్యార్జనకు మళ్లారు. బజ్జాజ్ అంటే వస్త్రవ్యాపారి, అత్తార్ అంటే సుగంధద్రవ్యాలు అమ్మేవారు, హద్దాద్ అంటే కమ్మరి. తమ వృత్తిని దాచుకోవలసిన అవసరం వారికి కలగలేదు. చేతిపనిని చిన్నచూపు చూసే అలవాటు మనకు తరువాత ఎక్కడినుంచో వచ్చి చేరింది.

ఆ పేర్లలో వృత్తికి సంబంధించిన సూక్ష్మం ఒకటి ఉంది. ప్రతి పేరూ ఒక్క పనినే చెబుతుంది. నేడు స్వయంఉపాధి మొదలుపెట్టేవారు చాలామంది అన్ని పనులూ చేస్తామని బోర్డు రాయిస్తారు: కుట్టుపని, మెహందీ, బ్యూటీ పార్లరు, ట్యూషన్లు, చీరల అమ్మకం. గిరాకీ పోతుందన్న భయమే దీనికి కారణం. కానీ అన్నీ చేసేవారిని ఏ పనికి తలచుకోవాలో ఎవరికీ తెలియదు. “పిల్లల ఫ్రాకులకు ఆమే”, “ఇన్వర్టరు ఏసీ చెడిపోతే అతనే” అన్న మాట నాలుగిళ్లలో వినబడితే అదే ప్రచారం. పరిధిని కుదించుకోవడం నష్టమనిపిస్తుంది. వాస్తవానికి పేరు అక్కడే పుడుతుంది.

వెల కట్టడం ఎలా?

చాలామంది పనిమంతులు ఓడిపోయేది ఇక్కడే. పక్కవారు ఎంత తీసుకుంటున్నారో చూసి అంతకన్నా యాభై తగ్గిస్తారు. లేదా మొహమాటంతో “మీ ఇష్టం, ఎంతో కొంత ఇవ్వండి” అంటారు. వెల మన లెక్క నుంచి రావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు ఊహించినవి, మీ ఊరికి తగినట్టు మార్చుకోండి.

మగ్గం పని చేసే ఒక సోదరికి నెలకు 15,000 రూపాయలు మిగలాలి. నెలకు 24 రోజులు, రోజుకు 5 గంటల చొప్పున ఆమె పనికి కేటాయించగలిగేది 120 గంటలు. అందులో పూసలు, దారాలు కొనడానికి బజారుకు వెళ్లడం, కొలతలు తీసుకోవడం, నమూనాలు చూపడం, సరిదిద్దడం వంటి వాటికి 30 గంటలు పోతాయి. ఈ గంటలకు ఎవరూ విడిగా చెల్లించరు. నేరుగా కుట్టుకు మిగిలేది 90 గంటలు. కరెంటు, సూదులు, ఫోను, ఆటో చార్జీలు, మరమ్మతులు కలిపి నెలకు 3,000 అనుకుందాం. అంటే 90 గంటల పని నుంచి 18,000 రావాలి; గంటకు 200 రూపాయలు. ఒక జాకెట్టుకు 15 గంటలు పడితే పనికి 3,000, సామగ్రికి 600, మొత్తం 3,600.

అదే జాకెట్టుకు దుకాణం సామగ్రి తానే ఇచ్చి 1,200 రూపాయల కూలి చెల్లిస్తే ఆమెకు గంటకు దక్కేది 80. బజారు తిరుగుడు లేదు కనుక 120 గంటలూ కుట్టినా నెలకు వచ్చేది 9,600 మాత్రమే. ఈ లెక్క కాగితం మీద వేసుకోనంతకాలం ఆమె తన అలసటకు కారణం తన అదృష్టమేనని అనుకుంటూ ఉంటుంది.

అయితే న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. దుకాణదారుడి లాభమంతా అన్యాయం కాదు. అద్దె అతనే కడుతున్నాడు, గిరాకీ అతనే తెస్తున్నాడు, అమ్ముడుపోని సరుకు నష్టం అతనే మోస్తున్నాడు. ఆ లాభం మనకు కావాలంటే ఆ బరువులు కూడా మనమే ఎత్తుకోవాలి. కొనుగోలుదారుతో మాట్లాడటం, నచ్చలేదంటే ఓర్పుతో వినడం, లెక్క రాయడం మన పనిలో భాగమవుతాయి. వీటికి సిద్ధపడినవారికే సొంత వెల నిలుస్తుంది. కనుక దుకాణం పనిని ఒక్కసారిగా వదలకుండా, మొదట నెలకు రెండు మూడు సొంత ఆర్డర్లతో ప్రారంభించడం వివేకం.

బంధువుల విషయంలో కూడా ఒక నియమం ఉండాలి. కానుకగా చేసి ఇవ్వదలిస్తే సంతోషంగా పూర్తిగా కానుకగానే ఇవ్వండి. వెల తీసుకోదలిస్తే ముందే చెప్పండి. చెప్పకుండా చేసి, ఎంతో కొంత ఇస్తారని ఎదురుచూసి, ఇవ్వకపోతే మనసులో ఉంచుకోవడం వల్ల వృత్తీ చెడుతుంది, బంధుత్వమూ చెడుతుంది.

వడ్డీ లేకుండా పెట్టుబడి

నైపుణ్యం మీద ఆధారపడిన పనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మొదటి పెట్టుబడి కొనుగోలుదారు ఇచ్చే బయానా. చెప్పి చేయించుకునే వస్తువుకు ముందుగా కొంత సొమ్ము తీసుకోవడాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం ఇస్తిస్నా ఒప్పందం కింద అనుమతిస్తుంది. వస్తువు ఏది, కొలత ఎంత, వెల ఎంత అన్నవి ముందే స్పష్టంగా ఉండాలి. సామగ్రి ఖర్చు బయానాగా వస్తే అప్పు చేయవలసిన అవసరమే చాలావరకు తప్పుతుంది.

రెండవది ముజారబత్. ఒకరి సొమ్ము, మరొకరి పనితనం. లాభాన్ని ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. పనిచేసేవారి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము నష్టం సొమ్ము పెట్టినవారిది, శ్రమ నష్టం శ్రమించినవారిది. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకును ఇతరుల చేత సిరియాకు పంపి వ్యాపారం సాగించిన తీరు మనకు తెలిసినదే. మూడవది కుటుంబంలోనో, మహల్లాలోనో దొరికే ఖర్జె హసనా. దీన్ని ఇంటి ఖర్చులకు కాక, సంపాదన తెచ్చే పనిముట్టుకు మాత్రమే వాడుకోవాలి.

మార్గం ఏదైనా కాగితం మీద రాయడం తప్పనిసరి. దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించే అవతరించింది. అన్నదమ్ముల మధ్య రాతకోతలేమిటని అనేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. రాత అపనమ్మకానికి గుర్తు కాదు, అది నమ్మకాన్ని కాపాడే కంచె.

చట్టం ఇచ్చే ఆసరా

ఇంట్లో చేసే పనే కదా అని ఎక్కడా నమోదు చేయించుకోకపోవడం వల్ల మన పనిమంతులు ఎన్నో హక్కులు కోల్పోతున్నారు. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గానీ సేవ గానీ పొందినవారు ఒప్పందం ఏదైనా 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యానికి ఆ చట్టం విధించే వడ్డీని మనం ఆశించకపోయినా, రావలసిన అసలు కోసం రాష్ట్రస్థాయి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించే హక్కు మనకు ఉంది. వంటకాలు అమ్మేవారు, ఇంటి వంటగది నుంచే అయినా, ఆహార భద్రతా చట్టం కింద నమోదు చేసుకోవాలి.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం దర్జీలు, తాపీ పనివారు, వడ్రంగులు, తాళాల పనివారు మొదలైన 18 వృత్తులకు వర్తిస్తుంది. అందులోని రుణం వడ్డీతో కూడినది కనుక దాన్ని వదిలినా, గుర్తింపు పత్రం, శిక్షణ, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇచ్చే తోడ్పాటు ప్రయోజనకరమైనవి. చార్మినారు పక్కన లాడ్‌బజారులో దొరికే హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కరిగిన లక్కను గాజుగా చుట్టి, అది చల్లారేలోపు రాళ్లు పొదగడం చేతికి పట్టుబడవలసిన విద్య. అయితే ఆ గుర్తింపు దానంతట అదే ప్రతి ఇంటికీ చేరదు. తయారీదారులు తమను అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకున్నప్పుడే ఆ పేరు వారికి రక్షణగా నిలుస్తుంది.

నమ్మకమే నిల్వ సరుకు

కూఫా నగరంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పట్టువస్త్రాల వ్యాపారి. ఒకసారి సరుకులో ఒక వస్త్రానికి లోపం ఉందని, అమ్మేటప్పుడు దాన్ని చూపించమని తన భాగస్వామికి చెప్పారు. అతను మరచిపోయి అమ్మేశాడు, కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు పేర్కొన్నారు.

సొంతంగా పనిచేసేవారికి వెనుక సంస్థ పేరు ఉండదు. మాటే వారి పేరు. గడువు చెప్పిన రోజున పని ఇవ్వలేకపోతే ఆ రోజు రాకముందే తెలియజేయాలి. చేయలేని పనిని చేయలేనని చెప్పి, చేయగలవారి పేరు చెప్పాలి. మన తప్పిదం వల్ల వస్తువు పాడైతే అడగకముందే సరిచేసి ఇవ్వాలి. ఈ మూడు పాటించేవారి వెల కాస్త ఎక్కువైనా జనం వెతుక్కుంటూ వస్తారు.

ఇంటివారి వంతు

స్వయంఉపాధి ఒక్కరి నిర్ణయంగా కనబడుతుంది గానీ ఇల్లంతా సహకరిస్తేనే సాగుతుంది. ముఖ్యంగా స్త్రీల విషయంలో “ఇంట్లోనే ఉంది కదా” అన్న మాట ఆమె పని గంటలను మింగేస్తుంది. ఆమె రోజుకు ఐదు గంటలు పనిచేయాలంటే ఆ ఐదు గంటలు వంట, పిల్లల బాధ్యత మరొకరు పంచుకోవాలి. ఆమె సంపాదన ధర్మం ప్రకారం ఆమె సొంతం. ఇంటికి ఖర్చు చేస్తే అది ఆమె ఔదార్యం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) సతీమణి తన సొమ్మును భర్త మీద, ఇంట్లోని పిల్లల మీద ఖర్చు చేయడం గురించి విచారించినప్పుడు, దైవప్రవక్త (స) దానికి రెండు పుణ్యాలు ఉన్నాయని, ఒకటి బంధుత్వానికి, రెండవది దానానికి అని తెలిపారు. అంటే ఆమె ఖర్చు దానంగా కూడా పరిగణించబడింది. ఇంటి పురుషులు గ్రహించవలసిన విషయమిది.

ఇక జీతం ఉన్నవారు తొందరపడి రాజీనామా చేయకూడదు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండి, సొంత పని నుంచి వరుసగా కొన్ని నెలలు స్థిరమైన ఆదాయం వచ్చిన తరువాతే అడుగు వేయాలి. కుటుంబాన్ని ఆకలికి అప్పగించే సాహసాన్ని తవక్కుల్ అనరు.

ఈ వారాంతంలో కుటుంబమంతా కూర్చుని ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఎవరికి ఏ పని బాగా వచ్చునో ఒకరి గురించి ఒకరు రాయండి. మన బలం మనకన్నా మనవారికే ముందు కనబడుతుంది. ఆ పక్కనే, ఆ పనికి ఇన్నాళ్లూ వెల కట్టినవారు ఎవరో కూడా రాయండి. రెండవ వరుసలో మీ పేరు లేకపోతే, మొదలుపెట్టవలసిన చోటు అదే.